వెదురు తుపాకులు

ఋషికొండ తీరమునకు వచ్చు యాత్రికులలో పెక్కుమంది సముద్రమును చూచి మరలుదురు. వెనుకనున్న కొండలవంక చూచువారు తక్కువ. ఆ కొండలలో నొకటి బావికొండ. దానికి కొంత ఉత్తరముగా తొట్లకొండ. ఇంకను ముందునకు పోయినచో భీమునిపట్టణముకడ పావురాళ్లకొండ. వాననీటిని నిలుపుటకై భిక్షువులు తొలిపించిన బావులును రాతితొట్లును ఈ కొండల పేళ్లలో నేటికిని నిలిచియున్నవి. ఆ నీరు త్రాగినవా రెవరో మాత్రము చుట్టుప్రక్కల గ్రామములవారు మఱచిపోయి చిరకాలమైనది. క్రీస్తునకు పూర్వము మూడవ శతాబ్దము మొదలుకొని ఇంచుమించు అయిదాఱువందల యేండ్లు బౌద్ధసంఘములు ఇచ్చట వసించినవి. 1976లో నౌకాదళమువారు విమానమునుండి నేలను పరిశీలించుచుండగా తొట్లకొండపై శిథిలములు కానవచ్చెను. 1988 మొదలు 1993 వఱకు పురావస్తుశాఖవారు త్రవ్వి స్తూపములను, చైత్యములను, విహారములను బయల్పఱచిరి. అంతకు కొన్నియేండ్లకు ముందే బావికొండను త్రవ్వగా అస్థిఖండము గల పాత్ర యొకటి దొరకెను.

ఈ కొండలపై నిలిచి తూర్పునకు చూచినచో కనుచూపుమేర నీరే కానవచ్చును. ఆ నీటి కావలియొడ్డు బర్మా. పందొమ్మిదవ శతాబ్దమున విశాఖపట్టణము, కాకినాడ మొదలగు రేవులనుండి పొగయోడలలో వేలకొలది తెలుగు కూలీలు రంగూనునకు పోయిరి. అక్కడ మనవారికి కోరంగివారని పేరు. ఈ వ్యాసమున మేము వ్రాయబూనినది వర్తకమును గూర్చి గాని కూలిని గూర్చి గాని కాదు. ఆ సముద్రమున కిరుప్రక్కలనున్న కొండజాతులవారి మనస్సులలో ఒకే తీరున మొలచిన యొక యాశను గూర్చి. మన కష్టములు శాశ్వతములు గావు, మన రాజు రానున్నాడు, ఆయన వచ్చిన దినమున పరుల ఆయుధములు పనిచేయవు అనునదే ఆ యాశ. ఇట్టి యాశతో బర్మాలోని కరెనులు పలుమాఱులు లేచిరి. ఇట్టి యాశతోనే మన సాలూరు కొండలలో 1900వ సంవత్సరమున కొండదొరలు లేచిరి. కరెనులను గూర్చి పాశ్చాత్య పండితులు శ్రద్ధతో గ్రంథములు వ్రాసిరి. మన కొండదొరలను గూర్చి మన బడిపిల్లల నడిగినచో ఆ కథ విన్నవా రరుదు. ఈ భేదము మమ్మును కొంతకాలముగా బాధించుచున్నది.

ముందుగా ఆ యాశకు మూలమేమో చూతము. పాలిభాషలోని దీఘనికాయమున చక్కవత్తి సీహనాద సుత్తమను సూత్రము కలదు. అందలి కథ చిన్నపిల్లలకును తెలియునట్టిది. ధర్మమున రాజ్యమేలు చక్రవర్తులు కొన్ని తరములు గడచిన పిమ్మట ఒక రాజు పేదలకు ధనమీయుట మానెను. పేదఱికమునుండి దొంగతనము పుట్టెను. దొంగతనమునుండి కత్తి పుట్టెను. కత్తినుండి హత్యయు, హత్యను దాచుటకై అసత్యమును పుట్టెను. మనుష్యుల యాయుర్దాయము తఱిగి తఱిగి తుదకు పదియేండ్లకు దిగెను. అప్పుడు చచ్చినవారు చావగా మిగిలినవారు బుద్ధి తెచ్చుకొని హింసను మానిరి. ఆయువు మరల పెరిగి ఎనుబదివేల యేండ్లైన కాలమున కేతుమతీ నగరమున శంఖుడను ధర్మరాజు ఏలును. ఆ కాలముననే మైత్రేయుడను బుద్ధుడు జన్మించును. ఇందు రెండు సంగతులు గుర్తింపవలసినవి. లోకము చెడుటకు ఆ సూత్రము చెప్పిన మొదటి హేతువు పేదవానికి అన్నము లేకుండుట. రెండవది, రాబోవువా రొక్కరు గారు, ఇద్దఱు: ధర్మరాజును బుద్ధుడును. కావున బౌద్ధదేశములలో మైత్రేయుని గూర్చిన నిరీక్షణము మతవిషయమే కాక రాజ్యవిషయముకూడ నయ్యెను. పన్ను హెచ్చిన దినమునను, దొరతనము మాఱిన దినమునను జనులు ఆకాశమువంక చూచుటకు వీలు కలిగెను.

మనకును ఇట్టి నిరీక్షణము క్రొత్త గాదు. శంబలగ్రామమున విష్ణుయశస్సు నింట కల్కి జన్మించునని పురాణములు చెప్పుచున్నవి. తెలుగుదేశమున వీరబ్రహ్మేంద్రస్వామి కాలజ్ఞానము పల్లెపల్లెకును తెలిసినదే. వీరభోగ వసంతరాయలు వచ్చి దుష్టుల నణచి ధర్మము నిలుపునని కందిమల్లాయపల్లె చుట్టుప్రక్కలనే కాక తెలంగాణములోను, ఉత్తరపు జిల్లాలలోను వృద్ధులు నేటికిని చెప్పుకొందురు. ఇంటిలో ఈ మాటలు విని పెరిగిన మనము, కొండవాడు తన రాజు వచ్చుచున్నాడని నమ్మినంతమాత్రమున వానిని పిచ్చివాడనుట న్యాయము గాదు.

ఇక కరెనుల సంగతి. వీరు సాల్వీన్ నది కిరుప్రక్కలనున్న కొండలలోను, ఇరావతీ ముఖద్వారపు పల్లములలోను వసించు జాతి. పల్లపునేలలను బర్మా రాజులో, మోను రాజులో, సయాము రాజులో ఏలిరి. ఆ రాజుల దండు పోవునప్పుడును వచ్చునప్పుడును నలిగినవారు కొండలలోని కరెనులు. వారిలో ఒక పురాతన గాథ కలదు. సృష్టికర్తయైన యువా దేవుడు తన బిడ్డల కందఱకును తలకొక గ్రంథము నిచ్చెను. కరెను తన గ్రంథమును పోడు కొట్టుకొనుచు మోడుపై నుంచి మఱచెను. కోళ్లు దానిని కాళ్లతో గోకి పాడుచేసెను. తెల్లవాడైన తమ్ముడు మాత్రము తన గ్రంథమును భద్రముగా తీసికొని సముద్రము దాటి పోయెను. ఒకనాడు మరల తెచ్చి యిచ్చును. ఇందలి దుఃఖమును గమనింపుడు. వ్రాతయు చదువును గలవాడు ఏలుచున్నాడు, అవి లేనివాడు ఏలబడుచున్నాడు అను సత్యమును ఆ జాతి కథగా చెప్పుకొన్నది.

1826లో యండబో సంధివలన తెనాసెరిము ఆంగ్లేయుల చేతికి వచ్చెను. 1828లో కో థా బ్యూ అను కరెను అమెరికను బాప్తిస్టు మిషనరీలవలన క్రైస్తవుడయ్యెను. పిమ్మట వేలకొలది కరెనులు, పోయిన గ్రంథము తిరిగి వచ్చినదని సంతోషించి, ఆ మతమున చేరిరి. అయినను కరెనులలో అధికసంఖ్యాకులు బౌద్ధులుగనే నిలిచిరి. ఆ బౌద్ధులలో కొందఱు, తెల్లతమ్ముడు తెచ్చిన గ్రంథము తమది గాదనియు, తమ బంగారు గ్రంథమును అరియ మైత్రేయుడే తెచ్చుననియు నమ్మిరి. 1852లో దిగువబర్మా యంతయు ఆంగ్లేయుల పాలైన నాలుగేండ్లకు, 1856లో, సాల్వీన్ కొండలలో ఒక కరెను తాను మిన్‌లౌంగునని, అనగా రాబోవు రాజునని, చాటుకొని తిరుగబడెను. 1860లో లేకే అను సంఘము పుట్టెను. ఆ సంఘమువారు తమకై యొక లిపిని ఏర్పఱచుకొని దానిని కోడిగోటి వ్రాత యందురు. పోయిన గ్రంథపు గాథ వారి యక్షరములలో నేటికిని జీవించియున్నది. ఇంచుమించుగా ఆ కాలముననే పుట్టిన తెలఖోను అను మఱియొక శాఖవారు తమ గురువును బుద్ధసమానునిగా కొలుచుచు మైత్రేయునకై యెదురుచూచిరి.

ఇది పూర్వకాలపు ముచ్చట మాత్రము గాదు. 1930లో బర్మాలోని థారావడి జిల్లాలో సయాసాన్ అను నాటువైద్యుడు కిరీటము ధరించి రాజునని చాటెను. ధాన్యపు ధర పడిపోయి తలపన్ను కట్టలేక కుములుచున్న రైతులు వేలకొలది ఆయనను చేరి, తుపాకిగుండు తగులకుండుటకై ఒడలిపై పచ్చబొట్లు పొడిపించుకొనిరి. 1931 నవంబరు 28వ తేదీన ఆయనను ఉరితీసిరి. ఆ 1930లోనే, మే నెలలో, రంగూను రేవున సమ్మెకట్టిన తెలుగు కూలీలకును, వారికి బదులుగా పనిలో పెట్టబడిన బర్మీయులకును ఘోరమైన కొట్లాట జరిగి మనవారు పెక్కుమంది చంపబడిరి. అన్నము చాలని ఇరువురు ఒకరినొకరు చంపుకొనిన ఆ యేడాదియే రాజు వచ్చుచున్నాడను కేక లేచినదని మఱవరాదు. కరెనులలోనే 1994 డిసెంబరున, యూ థుజన అను భిక్షువును గురువుగా నెంచిన బౌద్ధ సైనికులు క్రైస్తవనాయకుల చేతిలోనున్న తమ జాతీయసేననుండి చీలిపోయిరి. చైత్యములు కట్టినచో శాంతి కలుగునని ఆ గురువు బోధ. మఱుసటి నెలలో ఆ జాతీయసేన ముఖ్యస్థానమైన మనెర్‌ప్లా పడిపోయెను.

ఇప్పుడు సముద్రము దాటి మన కొండలకు మరలి వత్తము. విశాఖపట్టణము జిల్లా కొండసీమలను మైదానపు చట్టములనుండి వేఱుచేసి ఏజెన్సీగా నేర్పఱచినది 1839వ సంవత్సరపు చట్టము. అచ్చట ముఠాదారులు, మన్సబుదారులు, సంస్థానాధీశులు మధ్యవర్తులు. వారికి పైన దొరతనము. వారికి ప్రక్కన మైదానమునుండి ఉప్పును గుడ్డయు అమ్మవచ్చి అప్పుపత్రములు వ్రాయించుకొనిపోవు వర్తకులు. గోదావరికి ఎగువనున్న రంపలో మన్సబుదారు చిగురుపన్నను పేర కల్లుపై పన్ను వసూలుచేయుచుండెను; దానిమీద క్రొత్త అబ్కారీ నిబంధనలు వచ్చి ఇంటికొఱకు కల్లు గీచుకొనుటయే నేరమయ్యెను. కొండవాడెన్నడు చూడని రాజమహేంద్రవరపు కోర్టులో, వాడు లేకుండగనే డిక్రీలు పుట్టుచుండెను. పశువులు జప్తు అగుచుండెను. 1879 మార్చిలో రంప తిరుగబడెను. ఆ పితూరీ గొలుగొండ కొండలకు ప్రాకి, మఱుసటి యేడు వఱకు సాగెను.

ఈ సందర్భమున మనల మనము ఒక ప్రశ్న వేసికొనవలెను. ఆ కాలముననే ఆ రాజమహేంద్రవరముననే కందుకూరి వీరేశలింగముపంతులుగారు స్త్రీల విద్యకొఱకును, వితంతువుల పునర్వివాహముకొఱకును పోరాడుచుండిరి. 1881 డిసెంబరు 11వ తేదీన మొదటి వితంతువివాహము జరిగెను. ఆ మహనీయుని ధైర్యమును మేము ఏ మాత్రమును తక్కువచేయము. ఆయన వెలిగించిన దీపపు వెలుగుననే మనయిండ్లలో ఆడుపిల్లలు చదువుకొనుచున్నారు. కాని ఒకే నది. ఆ నదికి దిగువయొడ్డున సంస్కారము, ఎగువయొడ్డున పితూరీ. ఈ రెండును ఒకదానినొకటి పలుకరించుకొనలేదు. సంస్కర్తల సభలలో అన్యాయమనగా కులాచారము, బాల్యవివాహము, వేశ్యానాట్యము. జప్తైన కొండవాని ఎద్దు ఆ పట్టికలో చేరలేదు. చదువరి ఎక్కడ వినలేదో అక్కడ దేవుడు అవతరింపవలసివచ్చెను.

1882వ సంవత్సరపు మద్రాసు అటవీచట్టముతో పోడు వ్యవసాయమునకు ఎల్లలు బిగిసెను. 1886లో గూడెము కొండలలో రాజన అనంతయ్య యను నాయకునివెంట ఒక చిన్నగుంపు లేచి గూడెము పోలీసుఠాణాపై పడెను. వారు తమకు పెట్టుకొన్న పేరు రామదండు. రాముని దండనగా వానరసేన: పట్టణవాసులు మనుష్యులుగా నెంచని అడవివారు రావణునిపై గెలిచిన కథ. ఆ పేరును ఎన్నుకొన్నవారు రామాయణమును మనకంటె తక్కువగా తెలిసికొన్నవారని మే మనజాలము.

ఇక 1900. సాలూరు ప్రాంతమున కొర్రవానివలస యను చిన్నయూరు కలదు. నేడది పార్వతీపురము మన్యము జిల్లాలోనిది. ఆ యూరి కొండదొర కొర్ర మల్లయ్య. ఆయనకు దేవుడు పూనెనని వార్త పుట్టి ఏజెన్సీ నలుమూలలనుండి జనులు రాసాగిరి. క్రమముగా నాలుగయిదువేలమంది అక్కడ విడిది చేసిరి. మొదట ఆ కూటమివలన ఎవరికిని హానిలేదు. పిమ్మట మల్లయ్య తాను పంచపాండవులలో ఒకని యవతారమనియు, తన పసికుమారుడు శ్రీకృష్ణుడనియు, ఆంగ్లేయులను వెడలగొట్టి తానే దేశమేలుదుననియు చెప్పెను. తనవారికి ఆయుధములు వెదుళ్లు. అవి మంత్రబలమున తుపాకులగును. దొరతనమువారి ఆయుధములు నీరగును. వెదుళ్లు నఱకిరి, తుపాకుల యాకారమున చెక్కిరి. వాటిని భుజాన పెట్టుకొని స్వామి యెదుట కవాతు చేసిరి.

పిమ్మట పాచిపెంటను దోచుకొందుమని కబురు పంపిరి. మే 1వ తేదీన సంగతి కనుగొనుటకు వచ్చిన ఇద్దఱు కానిస్టేబుళ్లను ఆ గుంపువారు కొట్టి చంపిరి. శవములను తెచ్చుకొనుటకు స్థానికపు పోలీసులు పోయి, గుంపును చూచి మరలిరి. అంతట జిల్లా మేజిస్ట్రేటు తానే బయలుదేఱి విశాఖపట్టణము, పార్వతీపురము, జయపురములనుండి రిజర్వు పోలీసులను రప్పించి మే 7వ తేదీ తెల్లవాఱుజామున విడిదిపై పడెను. జనులెదిర్చిరి; పోలీసులు కాల్చిరి. పదునొకండుగురు చచ్చిరి. గాయపడినవారు, పట్టువడినవారు పోగా మిగిలినవారు చెదరిపోయిరి. అల్లరి చేసినందులకు అఱువదిమందిని, కానిస్టేబుళ్లను చంపినందులకు స్వామితో కూడ ముగ్గురిని విచారించిరి. స్వామి చెఱసాలలో చనిపోయెను. తక్కిన ఇద్దఱిని ఉరితీసిరి. కృష్ణుడనబడిన ఆ పసివాడును చనిపోయెను. దానితో అలజడి అణగెను.

ఈ కథను మనకు చెప్పినవారు ఫ్రాన్సిస్ దొర 1907లో ప్రకటించిన విశాఖపట్టణము గెజిటీరును, థర్స్టన్ దొర 1909లో ప్రకటించిన కులవర్ణనమును. రెండింటిలోను ఉన్నది దాదాపుగా ఒక్కటే వృత్తాంతము. పొడుగున ఒక పుటకు మించదు. దానిలో మల్లయ్య మాట ఒక్కటియు లేదు. ఆయన చెప్పెనన్నది సర్కారు చెప్పినదే. చచ్చిన పదునొకండుగురికి పేళ్లు లేవు. పరిశోధకుడు ఇట్టి కాగితమును చదువునప్పుడు వ్రాసినవాని చేయి ఎచ్చటనున్నదో ముందు చూచుకొనవలెను. ఆ చేయి కాల్చినవారి పక్షమున నున్నది. అందుచే ఆ వృత్తాంతమంతయు అబద్ధమని మే మనము. తేదీలు, సంఖ్యలు, శిక్షలు అచ్చట తప్పుగా నుండుటకు కారణము లేదు. కాని ఎందుకు అను ప్రశ్నకు ఆ పుటలో సమాధానము వెదకుట వ్యర్థము. నాలుగయిదువేలమంది ఇల్లు విడిచి ఒక పల్లెలో ఎందులకు చేరిరి? 1896-97 సంవత్సరములలో గంజాము, విశాఖపట్టణము జిల్లాలను కఱవు పీడించినది. దాని పిదప మూడేండ్లు నిండకముందే ఈ విడిది లేచినది. దీనినిబట్టియే అంతయు తేల్చివేయరాదు గాని, కడుపు నిండిన జనము అవతారపురుషునికొఱకు కొండలెక్కుట చరిత్రలో అరుదు.

పాండవుల సంగతియు ఊరక పుట్టినది గాదు. కొండదొరలు తమది పాండవకులమని చెప్పుకొందురని ఆ థర్స్టన్ దొరయే వ్రాసెను. పాండవులనగా ఎవరు? జూదమున రాజ్యము పోగొట్టుకొని అడవులకు పోయినవారు. ఒకయేడు ఎవరికిని తెలియకుండ దాగినవారు. ఆ గడువు తీఱగానే తమ రాజ్యమును తాము అడిగినవారు. తమకు అర్థముకాని పత్రములమీద వ్రేలిముద్ర వేసి భూమి పోగొట్టుకొన్న జాతికి ఇంతకంటె తగిన గాథ వేఱొకటి లేదు. కరెనులు పల్లపు బౌద్ధులనుండి మైత్రేయుని తీసికొని ఆ పల్లపు రాజులకే ఎదురుగా నిలిపిరి. కొండదొరలు పల్లపు హిందువులనుండి మహాభారతమును తీసికొని పల్లపు అధికారమునకే ఎదురుగా నిలిపిరి. మేము తులనము చేయదలచిన రెండు చరిత్రలకును ఇదియే కీలకము. కొండవారి విశ్వాసము అడవిలో పుట్టిన వింతమృగము గాదు; మన పురాణములనే వారు మన మీద సాక్ష్యముగా పిలిచిరి.

తుపాకిగుండు నీరగునను నమ్మకమును లోకమంతట కానవచ్చుచున్నది. మల్లయ్య విడిదికి నాలుగు మాసములు ముందుగా, 1900 జనవరిలో, ఛోటానాగపురమున బిర్సా ముండా ననుచరులు శైలరకాబు కొండపై సర్కారు తుపాకుల నెదిర్చిరి. వారినిగూర్చియు ఇట్టి నమ్మకమే చెప్పుదురు. ఆ బిర్సాయు జూను 9వ తేదీన రాంచీ చెఱసాలలో మరణించెను. 1905లో జర్మనుల యేలుబడిలోనున్న తూర్పు ఆఫ్రికాలో ప్రత్తి పండింపుమను నిర్బంధమునకు లోనైన జాతులు మంత్రజలము చల్లుకొని లేచిరి. మాజీ యనగా వారి భాషలో నీరు, ఆ యుద్ధమునకు మాజీ మాజీ యనియే పేరు. వీరెవరును ఒకరిమాట నొకరు విన్నవారు గారు. తుపాకిగలవానిని తుపాకి లేనివాడు ఎదిరింపవలసివచ్చినచోట, ముందుగా మనస్సులోని భయమును చంపవలెను. మంత్రము చేసిన పని అదియే.

ఇట్లనగా చదువరులలో కొందఱు మమ్ము ప్రశ్నింపవచ్చును: మూఢవిశ్వాసమును ఖండించు ఈ పత్రికలో దానిని మీరు సమర్థించుచున్నారా? లేదు. మంత్రము భయమును చంపెను గాని గుండును ఆపలేదు. మే 7వ తేదీన ప్రాణము విడిచినవారు స్వామిమాట నమ్మియే చెక్కిన వెదురుతో నిలిచిరి. చంపబడిన ఆ కానిస్టేబుళ్లిద్దఱును ఏ రాజ్యమును స్థాపించినవారు గారు. జీతమునకు పనిచేయు పేదలు. వారి యిండ్లలోను ఏడ్చినవారుందురు. ఏ గురువైనను తన మాట నమ్మిన వారిని తుపాకుల యెదుట నిలుపునప్పుడు, ఆ మాటకు బాధ్యుడు గాకపోడు. ఇది మేము నిస్సంకోచముగా చెప్పుదుము. అయితే జ్వరమును చూచి రోగి నపహసించు వైద్యుడు వైద్యుడు గాడు. మూఢవిశ్వాసము పోవలెనన్నచో దానికి చోటిచ్చిన నిస్సహాయత పోవలెను. కొండవానికి బడి లేదు, కోర్టు దూరము, అధికారి భాష వేఱు, వర్తకుని తూకము తెలియదు. వీనిలో ఒక్కటియు చక్కజేయక వాని మంత్రమును మాత్రము తీసివేయుమనుట సంస్కారము గాదు.

ఇరువదిరెండేండ్ల పిమ్మట ఆ కొండలే దీనికి మఱియొక సమాధానము చెప్పినవి. పాండ్రంగిలో 1897 జూలై 4వ తేదీన జన్మించిన అల్లూరి సీతారామరాజు కాషాయము ధరించి గూడెము కొండలకు పోయెను. జనులు ఆయనను మహిమగలవానిగా నెంచిరి. ఆయనకు గుండు తగులదని చెప్పుకొనిరి. ఆయన మొదట బోధించినది కల్లు మానుడనియు, కోర్టులకు పోక పంచాయతీలలో తగవులు తీర్చుకొనుడనియు. నర్సీపట్టణమునుండి చింతపల్లివైపు వేయించుచున్న బాటపై చాలీచాలని కూలికి నిర్బంధముగా చాకిరిచేసినవారి మొఱలను ఆయన విన్నాడు. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి ఠాణాలమీద పడి 26 తుపాకులను పట్టుకొనిపోయెను. మల్లయ్యకును రాజునకును గల భేదము ఇచ్చటనున్నది. మల్లయ్య వెదురును తుపాకి చేయబోయెను. రాజు తుపాకినే తెచ్చుకొనెను. భక్తి అదే, కొండలు అవే, మొఱలు అవే; కాని రెండవ నాయకునికి మైదానపు చదువు ఉండెను, దేశమంతట లేచిన స్వరాజ్యవాదము వెనుక నుండెను. అందుచేతనే ఆయన పోరు రెండేండ్లు నిలిచినది.

1924 మే 7వ తేదీన కొయ్యూరుకడ ఆయనను కాల్చిచంపిరి. చదువరులు ఈ తేదీని ఒకసారి మరల చూడుడు. కొర్రవానివలస విడిదిపై తుపాకులు ప్రేలినదియు మే 7వ తేదీనే. ఇది కేవలము కాకతాళీయము. దానికి మేము ఏ మహిమయు నంటగట్టము. కాని ప్రతిసంవత్సరము ఆ దినమున మనము సీతారామరాజు విగ్రహమునకు పూలదండ వేయుదుము. ఆయన పేర నొక జిల్లాయే 2022లో ఏర్పడినది. ఇది మిక్కిలి తగియున్నది. అదేదినమున, అదే కొండల వరుసలో, ఇరువదినాలుగేండ్లకు ముందు పడిపోయిన పదునొకండుగురిని తలచువారు లేరు. ఒకరు మనవలె చదివినవారు, మన భాషలో ఉత్తరములు వ్రాసినవారు గనుక వీరుడైరి. మఱియొకరు వెదురు పట్టిరి గనుక వెఱ్ఱివారైరి. చరిత్ర వ్రాయుటలో మనము పాటించు ఈ పంక్తిభేదమును భోజనములలోని పంక్తిభేదమువలెనే విడువవలసియున్నది.

స్వరాజ్యము వచ్చిన పిమ్మట మొఱలకు క్రొత్త దారి యేర్పడెను. రాజ్యాంగములోని అయిదవ షెడ్యూలు, 1959 నాటి భూబదలాయింపు నిబంధన, దానిని బిగించిన 1970 నాటి సవరణ కొండవాని భూమి పరులపాలు గాకుండ నిలుపుటకై పుట్టినవి. 1997లో సమత యను సంఘము వేసిన వ్యాజ్యమున సుప్రీంకోర్టు, షెడ్యూలు ప్రాంతములలో గిరిజనేతర కంపెనీలకు గనులకై భూమిని ఈయ ప్రభుత్వమునకును అధికారము లేదని తీర్పు చెప్పెను. ఆ వ్యాజ్యము పుట్టినది ఈ విశాఖపట్టణపు కొండలలోనే, అనంతగిరి బొఱ్ఱా ప్రాంతమునందే. 2006 నాటి అటవీహక్కుల చట్టము అడవివాసులకు జరిగినది చారిత్రకమైన అన్యాయమని తన పీఠికలోనే ఒప్పుకొన్నది. మల్లయ్య పాండవుల పేర అడిగిన దానిలో కొంత నేడు కాగితముమీద ఉన్నది. కాగితముమీది అక్షరము కొండమీది పొలము దాక నడచివచ్చినదా యనునది వేఱుమాట. అది నడువనంతకాలము వెదుళ్లను చెక్కుచేతులు ఏదో రూపమున లేచుచునే యుండును.

బావికొండమీది స్తూపములో ఎవరి యస్థులో పదిలపఱచినవారు, అవి గలచోట ధర్మము మరల మొలచునని నమ్మియుందురు. ఆ కొండనుండి దిగివచ్చునప్పుడు మాకు కలిగిన యాలోచన చిన్నది. రాబోవు మైత్రేయుని గూర్చి చెప్పిన ఆ సూత్రమే, పేదలకు ధనమీయని రాజువలన లోకము చెడెనని ముందుగా చెప్పినది. ఎదురుచూచుట కొండవారి పాలికి వదలి, ఈయవలసినది ఈయక కూరుచున్నవారము మనము. ఈ పత్రిక చదువు ఇండ్లలో ఉపాధ్యాయులున్నారు, తల్లులున్నారు, న్యాయవాదులున్నారు. వచ్చు మే నెల 7వ తేదీన పిల్లలకు సీతారామరాజు కథ చెప్పునప్పుడు, దాని వెంటనే కొర్రవానివలస కథయు చెప్పుదురు గాక. చెప్పునప్పుడు పిల్లలు వెదురు తుపాకిని విని నవ్వినచో, నవ్వనిండు. ఆపైన, ఆ వెదురు పట్టినవాడు ఏమి పోగొట్టుకొనెనో అడుగుడు.